బొంతపనియు, పండుగ దినములును

నేటి ప్రసంగవిషయమును విని మీలో కొందరు నవ్వుకొందురేమో. బొంత కుట్టుటను గూర్చి రేడియోలో చెప్పవలసిన దేమున్నదని మీకు తోచవచ్చును. బొంత మన యిండ్లకు క్రొత్త వస్తువు కాదు. పాతబడిన నూలుచీరలను, పంచెలను ఉదికి ఆరవేసి, కొన్ని పొరలుగా చాపపై పరచి, సూదిని పైకిని క్రిందికిని నడిపించుచు కుట్టిన బొంతపై ఒక్కనాడైనను పండుకొననివారు మనలో అరుదు. నేను చెప్పబోవునది, ఆ బొంతపనియే ఒక యింటిలో వినోదమై, వినోదము వ్యసనమై, క్రిస్మసు పండుగనాడు ఆ యింటివారినే నొప్పించిన వృత్తాంతము. పిమ్మట దానిని అదుపులోనికి తెచ్చుకొనిన విధమును గూడ చెప్పెదను. ఆ యిల్లు నాదే గనుక దాచవలసిన పని లేదు.

నా పుట్టినిల్లు గుంటూరు జిల్లా. భర్తగారి ఉద్యోగమును బట్టి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున బహుకాలము కాపురముంటిని. ఈ రెండు సీమలకును పూర్వసంబంధ మొకటి కలదు. 1842వ సంవత్సరమున గుంటూరునకు వచ్చిన లూథరను మిషనరీ హయ్యరు గారిని పంపినది పెన్సిల్వేనియాలోని క్రైస్తవసంఘమే. మేము పోవుచుండిన దేవాలయములో స్త్రీలు వారమునకొక దినము కూడి బొంతలు కుట్టి, దూరదేశములలో ఇక్కట్లపాలైన వారికి పంపుచుండిరి. వారి ప్రక్కన కూర్చుండియే నేను ఆ పని నేర్చితిని.

వారు దానిని క్విల్టు అందురు. దానికి మూడు పొరలుండును. పైపొర రంగురంగుల గుడ్డముక్కలను ఒక క్రమములో జతపరచి కుట్టినది. నడుమ దూదిపొర. అడుగున ఒక నిండుగుడ్డ. ఈ మూడింటిని కలిపి ఈ చివరనుండి ఆ చివరకు సన్నని కుట్లు వేయుదురు. ఆ కుట్లు లేనిచో నాలుగు ఉతుకులకే దూది ముద్దలై యొక మూలకు చేరును. చేయి తిరిగినవారు అంగుళమునకు ఎనిమిది, పది కుట్లు వేయుదురు. తుదకు నాలుగంచులను సన్నని పట్టీతో మడిచి కుట్టుదురు. అంత తీరిక లేనివారు అక్కడక్కడ గట్టిదారముతో మూడు పొరలను గ్రుచ్చి ముడి వేయుదురు. దానము నిమిత్తము పంపు క్విల్టులలో పెక్కు ఈ ముడుల క్విల్టులే.

అమెరికాలోను ఈ పనిని చాలమందికి నేర్పినది అవసరమే. అలబామా రాష్ట్రమున ఒక నది వంపులో గీస్ బెండ్ అను పల్లె గలదు. అచ్చటి నల్లజాతి కర్షకస్త్రీలు చలినుండి పిల్లలను కాపాడుకొనుటకు, పొలముపనిలో అరిగిపోయిన చొక్కాలను, లాగులను ముక్కలు చేసి క్విల్టులు కుట్టుకొనిరి. 2002లో ఆ క్విల్టులను హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాలలో గోడలకు వ్రేలాడదీసి చూపిరి. 2006లో అమెరికా తపాలాశాఖవారు వాని బొమ్మలతో తపాలాబిళ్లలు వెలువరించిరి. నేడు ఆ దేశమున అనేకులకు ఇది తీరికవేళల వినోదము. క్రొత్తగుడ్డను కొని, ముక్కలుగా కోసి, మరల ఒకటిగా కుట్టుదురు. మా మామగారు గుంటూరునుండి మాయింటికి వచ్చినపుడు ఈ సంగతి చూచి, "ఏమమ్మాయీ, నిక్షేపమువంటి గుడ్డను చించి బొంత చేయుదురా!" అని విస్తుపోయిరి.

ఆ వినోదమును నేను నిందింపను. పెన్సిల్వేనియాలో డిసెంబరు మాసమున అయిదు గంటలు కాకమునుపే ప్రొద్దు క్రుంకును. పిల్లలు పెద్దవారై వేరుచోట్లకు పోయిరి. అట్టి దీర్ఘమైన సాయంకాలములలో చేతికి పనియు, మనస్సునకు నెమ్మదియు నాకు సూదియే యిచ్చినది. చిక్కు వచ్చినది కానుకల మూలమున.

2011వ సంవత్సరమున అక్టోబరు నెలాఖరున నాకొక తలంపు పుట్టెను. కుమార్తెకొకటి, కుమారునికొకటి, రెండు క్విల్టులు కుట్టి క్రిస్మసునాడు ఇయ్యవలెనని సంకల్పించితిని. వారు అడుగలేదు. సంకల్పమును నాదే, గడువును నాదే. నవంబరు నడిచెను. డిసెంబరు వచ్చెను. భోజనపు బల్ల గుడ్డముక్కలతో నిండిపోయెను. ఇంటివారు కంచములు ఒడిలో పెట్టుకొని తినిరి. మామగారు ఆ చలికాలము మాతో గడపుటకు వచ్చియుండిరి. బయట మంచు, ఒంటరిగా వెళ్లుటకు దారి తెలియదు, పలుకరించుటకు తెలుగు తెలిసిన పొరుగువారు లేరు. రాత్రి భోజనమువేళ మాతో చెప్పుకొను నాలుగు మాటలే ఆయనకు కాలక్షేపము. నేను తల యెత్తక "ఊఁ, ఊఁ" అని కొట్టుచు కుట్టుకొనుచుంటిని. కొన్ని దినములకు ఆయన మాటలాడుట మానుకొనిరి. నా కదియు తెలియలేదు.

ఇరువదిరెండవ తేదీన కుమార్తె, అల్లుడు, అయిదేండ్ల మనుమడు వచ్చిరి. కానుక ముందుగా కంటబడరాదని నేను గది తలుపు మూసికొని కుట్టితిని. "అమ్మమ్మ ఎప్పుడు బయటికి వచ్చును?" అని పిల్లవాడు తలుపువద్దనే కూర్చుండెనట. అరిసెలపిండి చేతికిచ్చి అద్దించుకొందునని వానికి ఫోనులో నేనే మాట యిచ్చియుంటిని.

ఇరువదినాలుగవ తేదీ సాయంకాలము నేను నీళ్లకని తలుపు తీయగా, వాడు సంతోషముతో లోనికి పరుగెత్తెను. తివాచీలో గుండుసూది యొకటి నిలిచియుండెను. అది వాని పాదములో దిగి, సగము లోపలనే విరిగెను. ఆసుపత్రికి తీసికొనిపోతిమి. ఎక్స్‌రే తీసి, సూదిముక్కను తీసివేసి, కట్టుకట్టి పంపువరకు రాత్రి తొమ్మిది దాటెను. దేవాలయమున పండుగ ఆరాధన ముగిసిపోయెను. పొయ్యిమీది వంట చల్లారిపోయెను. ఇంతయు జరిగియు, తెల్లవారునప్పటికి నా రెండు క్విల్టులలో ఒకదానికి అంచులు లేవు. రెండవది పైపొరతోనే నిలిచిపోయెను.

ఆ రాత్రి మామగారు నన్ను కోపింపలేదు. పిల్లవాడు నిద్రించిన పిదప నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇట్లనిరి: "మా అమ్మ బొంత కుట్టునపుడు ఇంటిలో సూదులు రెండే. పని చాలించగనే వాని రెంటిని వసారా గుంజకు గ్రుచ్చెడిది. రెండును కంటబడిన గాని పిల్లలను చాపమీదికి రానిచ్చెడిది కాదు. సంక్రాంతికి పదిదినముల ముందే చాప చుట్టివేసెడిది. ఇల్లలుకుట, పిండివంటలు, వచ్చిపోవు చుట్టములు, ఇన్నిటిలో బొంత కూడ ఎందుకని." ఇంతే చెప్పి పండుకొనిరి. సూదులు పోగొట్టుకొన్న నేను చదువుకొన్నదానను. రెండు సూదులను లెక్కపెట్టిన ఆమె వ్రాలు చేయనైన నేర్వనిది.

జనవరిలో నేను కాగితము తీసికొని లెక్క వేసితిని. ఈ లెక్క ముందే వేసియుండవలసినది. తొమ్మిది ముక్కలతో ఒక చదరము. ఒక్కొక్క ముక్క మూడంగుళములు తేలవలెనన్నచో, కుట్టులోనికి పోవుదానిని కలిపి మూడున్నర అంగుళములకు కోయవలెను. చదరము తొమ్మిదంగుళములు. అడ్డముగా 8, నిలువుగా 10 చదరములు పేర్చినచో ఆరడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు. చదరములు 80, ముక్కలు 720. సాయంకాలమునకు రెండు గంటల చొప్పున కోతకు 3 సాయంకాలములు. దినమునకు రెండు చదరముల చొప్పున పైపొరకు 40. మూడు పొరలను కలిపి కుట్టుటకు, చదరమునకొక గంట చొప్పున, మరి 40. చుట్టును అంచు తొమ్మిది గజములు, దానికి 4. మొత్తము 87 సాయంకాలములు. నవంబరు మొదటి తేదీనుండి పండుగ ముందునాటివరకు ఉన్నవి 54. ఒక్క క్విల్టునకే చాలని కాలములో రెంటిని తలపెట్టితిని! దుప్పటి యున్నంతవరకే కాళ్లు చాపుకొమ్మని మన పెద్దలందురు. నేను దుప్పటినే కుట్టుచు ఆ మాట మరచితిని.

మరుసటి యేడు పశ్చాత్తాపముతో రెండవ కొసకు పోతిని. నవంబరులోనే గుడ్డలను, సూదులను పెట్టెలోపెట్టి అటకయెక్కించితిని. ఇల్లు శుభ్రముగనే యుండెను, నేనే చిరచిరలాడుచుంటిని. పప్పులో ఉప్పు తక్కువైనదన్నను కన్నీరు వచ్చెడిది. పది దినములు ఓర్చి నా భర్త, "ఆ పెట్టె దింపెదను, నీ పని నీవు చేసికొనుము. నీ చేతిలో సూదియున్నపుడే ఇంటిలో నెమ్మదిగా నున్నది" అనిరి. పనిలో మునిగిపోవుట ఎంత తప్పో, ప్రాణమునకు ఊరటయైన పనిని బొత్తుగ విడిచిపెట్టుటయు అంత తప్పేయని అప్పుడు తెలిసినది.

ఆ పిమ్మట మేము ఇంటిల్లిపాదియు కూర్చుండి కొన్ని కట్టుబాట్లు చేసికొంటిమి. మొదటిది కాలమును గూర్చినది. వారమునకు అయిదు సాయంకాలముల చొప్పున 87 సాయంకాలములు దాదాపు పదునెనిమిది వారములగును. కావున పండుగకు ఇయ్యదలచినది జూనులోనే మొదలుపెట్టవలెను, ఏడాదికి ఒక్కటే. నవంబరు నాలుగవ గురువారము అమెరికావారికి థాంక్స్‌గివింగ్ పండుగ. ఆ దినమునకు ముగియనిది క్రిస్మసు కానుక కాదు. ఎప్పుడు ముగియునో అప్పుడే ఇచ్చుట. రెండవది స్థలమును గూర్చినది. భోజనపు బల్ల భోజనమునకే. గుడ్డలు దానిమీదికి రావు. మూడవది పండుగ దినములలో నాకొక గంట. ఉదయము అయిదునుండి ఆరువరకు, ఇంటివారు లేవకమునుపు, నేను కుట్టుకొందును. ఆ గంటలో నన్నెవరును పిలువరు. ఆరు కొట్టిన పిదప నేను సూది ముట్టను. నాలుగవది సూదుల లెక్క. పెట్టెలో గుండుసూదులు ఏబది. ఒక్కటి తక్కువైనను అయస్కాంతముతో నేలయంతయు వెదకి గాని తలుపు తీయను.

అయిదవదానిని కట్టుబాటనుటకంటె వేడుక యనుట మేలు. పైపొరతో నిలిచిపోయిన కుమారుని క్విల్టును 2012 క్రిస్మసు మరునాడు బయటికి తీసితిమి. దానిని కుట్టక ముడులు వేయ నిశ్చయించి, మూడు పొరలను పరచి చుట్టును కూర్చుంటిమి. చదరముల నడుమను, నాలుగేసి చదరములు కలియు మూలలందును కలిపి 143 ముడులు. నేను దారము గ్రుచ్చి యిచ్చితిని. కుమారుడు, కుమార్తె, అల్లుడు, నా భర్త ముడులు వేసిరి. ఆ చలికాలమును మాతోనే గడపుచుండిన మామగారు, ధాన్యపు బస్తాల మూతులకు వేయు ముడి తనకు తెలియునని చెప్పి, అట్లే బిగించి వేసిరి. పిల్లవాడు పదునొకండు వేసెను. అందు రెండు విడిపోయినవి. వానిని మరల వేయక అట్లే యుంచితిమి. ముడులు వేయునంతసేపు మామగారు తమ చిన్ననాటి సంగతులు చెప్పుచుండిరి. ఈసారి "ఊఁ" కొట్టుటకు అందరము ఉంటిమి.

పెద్దలారా, ఇంతదూరపు ఇంటి సంగతి మీకేలయని అనుకొనవలదు. క్రిస్మసైనను, సంక్రాంతియైనను, రంజానైనను, ప్రతి యింటను పండుగ ముందు ఒకరి చేయి పనిలో చిక్కుకొనును. ఒక యింట అల్లిక, ఒక యింట ముగ్గులు, వేరొక యింట భజనసాధన. ఆ పని చేయువారు తమ కాలమును కాగితముపై లెక్కించుకొనవలెను. బంధువులు వచ్చినపుడు తలుపు తీసియుంచవలెను. ఇంటి పెద్దలు వారికి రోజునకు ఒక గంట విడిచిపెట్టి, ఆ గంటలో మంచినీళ్లు తామే ముంచుకొనవలెను. ఈ రెండవ మాటను మీకే ప్రత్యేకముగ మనవి చేయుచున్నాను. ఇంటిలో మీరు చెప్పినచో చెల్లును గదా.

అంచులు లేక మిగిలిన కుమార్తె క్విల్టును ఆ వేసవిలోనే, ఏ పండుగయు లేని యొక సోమవారమున ముగించి యిచ్చియుంటిని. దానిపైననే మా మనుమడు చాలకాలము పండుకొనెను. వాని పాదమున చిన్న మచ్చ యిప్పటికిని గలదు. నేను నేటికిని సూదులు లెక్కపెట్టి, ఏబదియు సరిపోయిన పిదపనే పెట్టె మూయుదును.