పాత కోడు చదివేవాళ్లు

2014 జనవరిలో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కరెంటు బిల్లు దగ్గర ఆగిపోయేంత పనయింది. కెనడాలోని కాల్గరీలో, దాని స్థాపకుడు థియో డి రాట్ ఇంట్లో ర్యాకుల నిండా యంత్రాలు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. వాటి కరెంటుకే అప్పట్లో ఏడాదికి దాదాపు 20,000 కెనడా డాలర్లు అయ్యేవి. డబ్బు రాకపోతే ప్రాజెక్టు మూతపడుతుందని బహిరంగంగానే ప్రకటించారు. విరాళాలు వచ్చాయి, గండం గడిచింది. అయితే, వాక్స్ లాంటి కాలం చెల్లిన యంత్రాలకు ఇంకా కరెంటెందుకు తగలేయడం అని అప్పుడు చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబుకు కాస్త వెనక్కి వెళ్లాలి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ మరుసటి దశాబ్దంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణానికి చేరింది. అక్కడివాళ్లు దాన్ని తిరగరాసి, పెంచి, బీఎస్‌డీ పేరుతో పంచిపెట్టారు. ఆ కోడు ఆధారంగా 1993లో నలుగురు నెట్‌బీఎస్‌డీ మొదలుపెట్టారు. అందులో డి రాట్ ఒకరు. పని మీద ఎంత పట్టు ఉందో, నోరు అంత కటువు. 1994 డిసెంబరులో మిగతావాళ్లు ఆయన్ను తప్పుకోమన్నారు. 1995 అక్టోబరులో అదే కోడును తీసుకుని ఆయన వేరు కుంపటి పెట్టారు, అదే ఓపెన్‌బీఎస్‌డీ.

ఆ రోజుల్లో ఇలాంటి ప్రాజెక్టుల్లో రోజువారీ మార్పులు లోపలి బృందానికే కనిపించేవి. బయటివాళ్లకు అప్పుడప్పుడు విడుదలయ్యే ప్రతులే దిక్కు. ఓపెన్‌బీఎస్‌డీ తన కోడు భాండాగారాన్ని మొత్తంగా ఇంటర్నెట్‌లో తెరిచిపెట్టింది. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తి మార్చారో ఎవరైనా చూడొచ్చు. ఇప్పుడిది మామూలు విషయం, అప్పుడు కాదు.

1996లో అసలు పని మొదలైంది. కొద్దిమంది కూర్చుని మొత్తం కోడును ఫైలు తర్వాత ఫైలు చదవడం మొదలుపెట్టారు. ఏదో దాడి జరిగిందని కాదు, తప్పులు ఉండే తీరతాయన్న నమ్మకంతో. ఒక రకం తప్పు దొరికితే అదొక్కటే దిద్ది ఊరుకోలేదు, అలాంటిదే ఇంకెక్కడుందోనని అంతా గాలించారు. ఉదాహరణకు, సీ భాషలో అక్షరాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి నకలు చేసే పాత ఫంక్షన్‌కు అవతల ఎంత చోటుందో తెలియదు. బిందెడు నీళ్లు చెంబులో పోసినట్టు పోస్తూనే ఉంటుంది. పొర్లింది పక్కనున్న మెమరీని చెరిపేస్తుంది. దాడి చేసేవాడికి కావలసిందీ అదే. 1998లో టాడ్ మిల్లర్, డి రాట్ కలిసి గమ్యస్థానం పరిమాణం చెబితేనే పనిచేసే ఫంక్షన్లు రాశారు. లైనక్స్ లోకంలో వాడే గ్నూ సీ లైబ్రరీ వీటిని చేర్చుకోవడానికి 2023 దాకా పట్టింది. పాతికేళ్లు!

ఇక ఆ పాత యంత్రాల సంగతి. 2008లో ఈ బృందంలోని ఒట్టో మోర్‌బీక్ మెమరీ కేటాయించే పద్ధతిని కొత్తగా రాశారు. అడిగినదానికన్నా ఒక్క అడుగు దాటినా ప్రోగ్రాము కుప్పకూలేలా, పెద్ద ముక్కలను వీలైనంతవరకు పేజీ అంచుకు జరిపి ఇవ్వడం అందులోని ఎత్తు. మిగతా యంత్రాల మీద అంతా సాఫీగానే సాగింది. స్పార్క్‌64 అనే సన్ కంపెనీ ప్రాసెసర్ మీద మాత్రం పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు కంపైల్ కాకుండా ఆగిపోయాయి. తప్పు కొత్త కోడుదనే ఎవరైనా అనుకుంటారు. తవ్వుకుంటూ పోతే అది కంపైలర్ల తయారీలో వాడే యాక్ అనే పాత పనిముట్టులో దొరికింది. స్టాకు నిండిందా లేదా చూసే చోట లెక్క కొద్దిగా తప్పి, చివరి గడి దాటి రాస్తోంది. ఆ తప్పు 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. ముప్ఫైమూడేళ్లు ఎవరి కంటా పడలేదు.

ఒక యంత్రం క్షమించే తప్పును ఇంకో యంత్రం క్షమించదు. అందుకే ర్యాకుల్లో రకరకాల ప్రాసెసర్లు. పైగా ఈ బృందం ఏ యంత్రపు సిస్టమ్‌ను ఆ యంత్రం మీదే కంపైల్ చేస్తుంది. వాక్స్ మీద అది చాలా నిదానమైన వ్యవహారంగా ఉండేది, కానీ అదే పరీక్ష కూడా.

1999లో, దూరంలోని యంత్రంలోకి భద్రంగా ప్రవేశించడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఈ బృందం నుంచే వచ్చింది. మూలం ఫిన్లాండ్‌ది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, 1995లో తాతు ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. తర్వాతి ప్రతులకు లైసెన్సు షరతులు బిగుసుకున్నాయి. ఓపెన్‌బీఎస్‌డీవాళ్లు స్వేచ్ఛగా వాడుకోదగ్గ పాత ప్రతిని పట్టుకుని, శుభ్రం చేసి, 1999 డిసెంబరు విడుదలలో చేర్చారు. ఇవాళ హైదరాబాద్ ఐటీ ఉద్యోగి దూరదేశపు లైనక్స్ సర్వర్‌లోకి వెళ్తున్నాడంటే దాదాపుగా ఈ ప్రోగ్రాము మీదుగానే. మ్యాక్‌లో ఉంది, 2018 నుంచి విండోస్‌లోనూ ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోని సీ లైబ్రరీలోనూ ఓపెన్‌బీఎస్‌డీ నుంచి తెచ్చుకున్న ఫైళ్లున్నాయి.

కరెంటు గండం గడిచిన కొన్ని నెలలకే, 2014 ఏప్రిల్‌లో, వెబ్‌సైట్లతో సంభాషణను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. వీళ్లు ఆ కోడును తెచ్చుకుని లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ పేరుతో వేరు చేసి, మొదటి వారంలోనే దాదాపు 90,000 పంక్తులు తీసిపారేశారు. వీఎంఎస్ లాంటి పాత వ్యవస్థల కోసం ఉంచినదంతా పోయింది. తమాషా ఏమిటంటే వీఎంఎస్ పుట్టింది వాక్స్ యంత్రాల కోసమే, అదే వాక్స్‌ను వీళ్లు 2016 దాకా వదల్లేదు. ఇందులో వైరుధ్యం లేదు. తాము రోజూ నడిపి చూసే కోడు ఎంత పాతదైనా ఉంటుంది, ఎవరూ నడపనిది పోతుంది. సొంత ఇంట్లోనూ అదే న్యాయం. పట్టించుకునేవాళ్లు లేక బ్లూటూత్ కోడును 2014లోనే తొలగించారు.

మామూలు విడుదల మీద బయటినుంచి జరిగే దాడికి దారిచ్చిన లోపాలు ఇన్నేళ్లలో రెండేనని వీళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాటను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. మొదట వేసినప్పుడు చాలా సేవలు ఆపేసి ఉంటాయి, మనం తెరిచినవాటి లెక్క అందులో రాదు. వేగంలో ఇది లైనక్స్‌కు సాటి రాదు. సొంతంగా వాడేవాళ్లూ తక్కువే. దీని విలువ వాడేవాళ్ల సంఖ్యలో లేదు, ఇక్కడ దిద్దిన కోడు ఎన్ని చోట్లకు పాకిందన్నదాంట్లో ఉంది.

2016 నుంచి ఇందులో ప్లెడ్జ్ అనే ఏర్పాటు పూర్తిస్థాయిలో ఉంది. ప్రోగ్రాము తనకు ఏయే పనులతో అవసరమో సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నెల్‌కు ముందే చెప్పేస్తుంది. మాట తప్పితే కెర్నెల్ దాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. కోడు చదవాలన్న ఆసక్తి ఉన్న విద్యార్థులు కెర్నెల్‌తో కుస్తీ పట్టకుండా ముందు ‘ఎకో’ తెరవండి. ఇచ్చిన మాటలను తెర మీద చూపడమే దాని పని, నూరు పంక్తులు కూడా ఉండదు. అందులోనూ ప్లెడ్జ్ పంక్తి ఉంటుంది.