ఆకాశయానము – దూరము, కాలము

ఎల్‌బీ నగర్ నుండి మియాపూరు వరకు గల మెట్రో రైలుమార్గము 29 కిలోమీటర్లు. ప్రయాణము సుమారొక గంట. రెండు చివరల గడియారములును ఒకే వేళను చూపును. కావున చేరు వేళను బాలురైనను చెప్పగలరు. హైదరాబాదు నుండి అమెరికాలోని షికాగోకు పోవునప్పుడు లెక్క అంత సులభము కాదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతములలో బిడ్డలను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు పలువురు కలరు. ఇంట ఎవరికైన జబ్బు చేసినప్పుడు “అబ్బాయి ఎప్పటికి రాగలడు?” అను ప్రశ్నకు సరియైన సమాధానము కావలెను. అందుకు మూడు లెక్కలు తెలియవలెను.

మొదటిది దూరము. గోడపటమును చూచినచో ఐరోపా మీదుగా, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి పోవుటయే దగ్గరిదారి యని తోచును. ఒక భూగోళమును తీసికొని, ఈ రెండు నగరముల నడుమ దారమును బిగించి పట్టి చూడుడు. అది మధ్య ఆసియా, రష్యాల మీదుగా ఉత్తరధ్రువ ప్రాంతమును తాకి, గ్రీన్‌లాండు, కెనడాల మీదుగా దిగును. ఆ దారి సుమారు 13,280 కిలోమీటర్లు. గుండ్రని భూమిపై ఇదియే దగ్గరిదారి.

రెండవది ప్రయాణకాలము. విమానము గంటకు 900 కిలోమీటర్ల వేగముతో పోయినచో ఈ దూరమునకు 14¾ గంటలు పట్టవలెను. కాని ఎక్కుటకును దిగుటకును వేగము తగ్గును. ఎదురుగాలి ఆలస్యము చేయును. కొన్ని దేశముల గగనతలమును తప్పించి చుట్టు తిరుగవలసి వచ్చును. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా ఈ నగరముల నడుమ ఎచటను ఆగని విమానమును ప్రారంభించెను. తరువాత అది నిలిచిపోయెను. ఆ ప్రయాణమునకు 16 గంటలకు పైగా పట్టెడిది. నడుమ విమానము మారువారు వేచియుండు కాలమును కూడ కలుపుకొనవలెను.

మూడవది గడియారము. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. మన కాలమునకు ఆధారము కాకినాడ సమీపమున పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. శీతకాలమున షికాగోకు 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశము ఆధారము. రెంటి నడుమ 172½ డిగ్రీలు, అనగా 11½ గంటలు. వేసవిలో వారు గడియారమును ఒక గంట ముందుకు జరుపుదురు గనుక భేదము 10½ గంటలగును.

జనవరిలో మధ్యాహ్నము 12 గంటలకు ఇచట బయలుదేరి 16½ గంటలు ఎగిరినవాడు షికాగోలో ఆనాడే సాయంకాలము 5 గంటలకు దిగును. అచటి నుండి సోమవారము మధ్యాహ్నము 12 గంటలకు బయలుదేరి 15½ గంటలు ఎగిరినవాడు మంగళవారము పగలు 3 గంటలకు శంషాబాదులో దిగును. గడియారములను మాత్రమే నమ్మినచో పోవుటకు 5 గంటలు, వచ్చుటకు 27 గంటలు అని భ్రమ కలుగును.

కావున మొదట బయలుదేరు వేళను మన కాలములోనికి మార్చి, పిదప ప్రయాణపు గంటలను కలుపవలెను. అట్లు చేసినవారు విమానాశ్రయమునకు సరియైన దినముననే పోయి తమవారిని కలిసికొందురు.