కుక్కకు, పిల్లికి మందు వేయునప్పుడు

నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ రైలుదారిమీద నున్న దొరవారిసత్రము వెనుక నెల్లూరు జిల్లాలోనిది. 2022వ సంవత్సరమునుండి తిరుపతి జిల్లాలో చేరినది. నేలపట్టు గూడబాతులను చూచివచ్చిన సోదరీమణులకు ఈ పేరు పరిచితమే. ఇట్టి యూళ్లలో వాకిట కుక్కయో వంటయింట పిల్లియో లేని యిల్లు తక్కువ. వానికి జబ్బు చేసినపుడు మనము మొదట వెదకునది వైద్యుని కాదు, బీరువాలోని మందులపెట్టెను. అబ్బాయి జ్వరమునకు తెచ్చినవానిలో మిగిలిన గొట్టపు బిళ్ళ యొకటి అన్నములో పెట్టి వేయుదుము. దానిలో ఎన్ని మిల్లీగ్రాములున్నవో, జంతువు ఎన్ని కిలోలున్నదో చూచువారరుదు.

మన వేడిసీమలో కుక్కలను మిక్కిలి పీడించునది పిడుదుల జ్వరము. చెవి మడతలలోను, వ్రేళ్ల సందులలోను పట్టియుండు గోధుమరంగు పిడుదు కరచుటచే ఎర్లికియా యను సూక్ష్మజీవి రక్తమున జేరును. కుక్క యన్నము ముట్టదు, ఒడలు కాలును, చిగుళ్లు పాలిపోవును, ఒక్కొకప్పుడు ముక్కునుండి నెత్తురు కారును. దీనికి వైద్యులు డాక్సీసైక్లిన్ ఇత్తురు. అది టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబమున మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. దానిని బెంజమిన్ డగ్గరు కనుగొన్నది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో; అచట పరిశోధనలకు అధిపతి 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ యేడే ఆయన పరమపదించిరి. ఈ సంగతి మన పిల్లల వాచకములలో ఇంకను పెద్ద యక్షరములతో నుండదగును.

డాక్సీసైక్లిన్ మోతాదు సామాన్యముగా కుక్క బరువున కిలో ఒక్కింటికి దినమునకు 10 మిల్లీగ్రాములు. పిడుదుల జ్వరమునకు 28 దినములు. రెండు మూడు దినములకే కుక్క లేచి తోక యాడించును. ఇచటనే మనము మోసపోవుదుము. బాగైనదిగదా యని మందు మానుదుము; రక్తమున మిగిలిన క్రిములు మరల విజృంభించును. పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగుగారు 1945లో నోబెల్ బహుమతి నందుకొన్నపుడే, చాలని మోతాదు క్రిములకు ఆ మందును తట్టుకొనుట నేర్పునని హెచ్చరించిరి. అట్లు మొండికెక్కిన క్రిములు కుక్కనుండి దాని మెడ కౌగిలించుకొను పసివానికిని రాగలవు. వైరసువలన కలుగు పార్వో వంటి జబ్బును ఈ మందులు నేరుగా మాన్పజాలవు. దానికి ముందుగా టీకాయే శరణ్యము.

బరువు తెలియనిదే మోతాదు లేదు. పిల్లి త్రాసుమీద నిలువదు గదా! దానిని ఎత్తుకొని మీరు త్రాసుపై నిలువుడు. పిమ్మట దించి మీరొక్కరే నిలువుడు. తేడాయే పిల్లి బరువు. 10 కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాముల బిళ్ళ యొకటి సరిపోయినచో, 3 కిలోల పిల్లికి అది మూడింతలకు మించును. ద్రవమందులలో మరియొక చిక్కు కలదు. ఒకే పేరుగల సీసాలలో 5 మిల్లీలీటర్లకు ఒకదానిలో 125, మరియొకదానిలో 250 మిల్లీగ్రాములుండవచ్చును. వంటయింటి చెంచాను నమ్మక సూదిలేని సిరంజితో కొలువుడు. మందు తీపికి జైలిటాల్ కలిపియున్నచో అది కుక్కకు విషము. సీసామీద చదివి చూడవలెను.

పిల్లి సంగతి వేరు. డాక్సీసైక్లిన్ బిళ్ళ పొడిగా మ్రింగించినచో అన్ననాళమున నిలిచి పుండు చేయును. ఆ పుండు మానునప్పుడు నాళము కుంచించుకొని పిల్లి మ్రింగలేకపోవును. కావున బిళ్ళ వేసిన వెంటనే సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీరు మెల్లగా పట్టవలెను. పెరుగన్నములో దాచిపెట్టుట మన యింటి అలవాటు; కాని పాలు పెరుగులలోని సున్నము ఈ మందును సరిగా ఒంటబట్టనీయదు. మాంసపు ముద్దలో పెట్టుట మేలు. ఎన్రోఫ్లాక్సాసిన్ అను మందు పిల్లికి దినమునకు కిలోకు 5 మిల్లీగ్రాములు మించినచో కన్నులు పోవు ప్రమాదమున్నది. జ్వరము తగ్గునని పారాసిటమాల్ ఎన్నడును వేయరాదు. అది యాంటీబయాటిక్కు కాదు; కాని ఆ బీరువాలో దాని ప్రక్కనే యుండును. దానిని విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. ఒక్క బిళ్ళయే ప్రాణము తీయగలదు.

తిరుపతిలో 1955లో స్థాపితమైన పశువైద్య కళాశాల యున్నది. అంతదూరము పోలేనివారు దగ్గరి పశువైద్యుని అడుగునపుడు జంతువు బరువు, వయస్సు, చూలుతో నున్నదా యను సంగతి, ఇదివరకు వేసిన మందు పేరు చెప్పవలెను. బిళ్ళ అట్టను పారవేయక వెంట తీసికొనిపోవుడు. ఒక పూట మందు మరచినచో జ్ఞప్తికి వచ్చినంతనే వేయుడు. మరుపూట దగ్గరపడినచో ఆ పూటది మాత్రమే వేయుడు, రెండింతలు వేయకుడు.