యంత్రము గీసిన న్యాయమూర్తి

“న్యాయమూర్తి చిత్రమును గీయుము” అని మాటలలో వ్రాసి యిచ్చినచో, క్షణములలో గీసి చూపు కంప్యూటరు యంత్రములు నేడు కలవు. 2022లో వెలువడిన స్టేబుల్ డిఫ్యూజన్ అట్టి కృత్రిమ మేధాయంత్రము. గీయవలసినది పురుషునా, స్త్రీనా అని అడిగినవారు చెప్పరు. న్యాయమూర్తి అను మాటయు చెప్పదు. యంత్రమే నిర్ణయించుకొనును. ఆ నిర్ణయమున పక్షపాతము కలదో లేదో తెలియుటెట్లు?

ఒక్క చిత్రమును చూచి చెప్పుటకు వీలులేదు. నాణెము నొకమారు ఎగురవేయగా బొమ్మ పడినంతమాత్రమున అది మోసపు నాణెమనరాదు గదా! పలుమార్లు ఎగురవేసి లెక్కింపవలెను. బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థవారు 2023లో అట్లే చేసిరి. 14 వృత్తులను ఎన్నుకొని, ఒక్కొక్క వృత్తికి 300 చొప్పున ఆ యంత్రముచే చిత్రములు గీయించిరి. ప్రతి చిత్రమున కనబడునది స్త్రీయో, పురుషుడో గుర్తించి వ్రాసికొనిరి. తేలనివానిని వేరుగా నుంచిరి. చిత్రములోని మనిషికి పేరు లేదు, ఊరు లేదు. అడిగి తెలిసికొనుట కాదు, రూపమును బట్టి ఊహించుటయే. ఈ కొలతలోని లోపమిది.

న్యాయమూర్తుల చిత్రములలో స్త్రీలు నూటికి సుమారు ముగ్గురే యని తేలెను. ఇది ఎంత తక్కువయో తెలియుటకు కొలబద్ద యొకటి కావలెను. అమెరికా న్యాయమూర్తులలో స్త్రీలు నూటికి 34 మంది. వైద్యులలో నూటికి 39 మంది స్త్రీలుండగా, చిత్రములలో ఏడుగురే కనబడిరి. లోకమున నున్న వ్యత్యాసమును యంత్రము అద్దమువలె చూపలేదు, పెంచి చూపినది.

దీనికి కారణము దాని చదువులో కలదు. అంతర్జాలమునుండి సేకరించిన కోట్లకొలది చిత్రములను, వాని క్రింది వ్రాతలను చూచి అది నేర్చినది. ఒక మాటతో ఏ రూపము ఎక్కువగా కనబడునో, గీయునపుడు ఆ రూపమువైపే మొగ్గును. ఇట్టి బొమ్మలు ప్రకటనలకు, బాలల పుస్తకములకు ఎక్కుచున్నవి. అవియే మరల అంతర్జాలమున చేరి, రేపటి యంత్రమునకు పాఠములు కావచ్చును.

దిద్దుటయు సులభము కాదు. గూగుల్ వారి జెమిని యంత్రమునకు అన్ని విధముల మనుష్యులను చూపునట్లు శిక్షణ నిచ్చిరి. అది 1943 నాటి జర్మను సైనికుల నడుగగా, ఆసియా స్త్రీని సైతము ఆ దుస్తులలో గీసెను! 2024 ఫిబ్రవరిలో మనుష్యుల చిత్రములు గీయించుటనే వారు నిలిపివేసిరి. ఆగస్టు నెలాఖరున, దిద్దిన యంత్రముతో, చందాదారులకు మాత్రము మరల ఆరంభించిరి.