చూసే కన్ను, పంపే వేలు

సినిమా చూడడమంటే ఒకప్పుడు ఇంటిల్లిపాదీ కదలాల్సిన పని. టౌనుకెళ్లాలి, టికెట్ల కోసం క్యూలో నిలబడాలి, ఆఖరి బస్సు అందుకోవాలి. ‘విశ్వాసులు సినిమాకు వెళ్లొచ్చా?’ అన్న ప్రశ్న మన చర్చిల్లో ఏళ్లతరబడి నలిగిందంటే, వెళ్లినవాళ్లు నలుగురి కంటా పడేవాళ్లు కనుకనే! ఇప్పుడా ప్రశ్న ఎవరూ పెద్దగా అడగడం లేదు. సినిమాహాలే జేబులోకొచ్చి కూర్చుంది. దుప్పటి ముసుగులో భర్త ఏం చూస్తున్నాడో భార్యకు తెలియదు, భార్య చూసేది భర్తకు తెలియదు.

ఇది ఒక్క రోజులో వచ్చిపడిన మార్పు కాదు. 2000ల్లో సెల్‌ఫోన్ షాపుకెళ్లి, డబ్బులిచ్చి, మెమరీ కార్డులోకి పాటలు, కామెడీ సీన్లు ఎక్కించుకునేవాళ్లం. స్నేహితుడి ఫోన్లో ఉన్నది కావాలంటే రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, బ్లూటూత్‌లో అది వచ్చేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఎదురెదురుగా ఉండేవారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెలలపాటు డేటా ఉచితంగా ఇచ్చాక వీడియో మంచినీళ్లప్రాయమైంది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధిస్తే, ఆ ఖాళీ కొన్ని వారాలైనా ఉండలేదు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి.

అప్పటికీ ఇప్పటికీ ఉన్న అసలు తేడా వెతకడంలో ఉంది. మెమరీ కార్డు రోజుల్లో ఏం కావాలో మనమే చెప్పి ఎక్కించుకునేవాళ్లం. ఇప్పుడు మనం అడగకముందే తర్వాతి వీడియో సిద్ధంగా ఉంటుంది. ఎంతమంది క్లిక్ చేశారన్నదానికన్నా ఎంతసేపు చూశారన్నదానికి యూట్యూబ్ 2012 నుంచి ఎక్కువ విలువ ఇస్తోంది. మీరు లైక్ కొట్టనక్కర్లేదు, కామెంటూ రాయనక్కర్లేదు. ఒక దృశ్యం దగ్గర మీ వేలు ఎంతసేపు ఆగిందో చాలు, అలాంటివి మరిన్ని వస్తాయి. ‘నేను ఊరికే చూశానంతే’ అనే మాటకు ఈ తెరమీద అర్థం లేదు. చూడడమే అక్కడ అడగడం!

దావీదు కథ గుర్తుందా? సైన్యం యుద్ధంలో ఉండగా రాజు ఇంట్లోనే ఉన్నాడు. సాయంకాలం పడకమీద నుంచి లేచి మిద్దెమీద పచార్లు చేస్తున్నాడు. అంటే తీరిక దొరికింది, పని లేదు. చూశాడు, ఆమె ఎవరని ఆరా తీశాడు, మనుషుల్ని పంపాడు (2 సమూయేలు 11:1–4). కంటబడడం ఆయన చేతిలో లేకపోవచ్చు, ఆరా తీయడం మాత్రం ఆయన సొంత నిర్ణయమే. ఆ ఆరా దగ్గర ఆగి ఉంటే ఊరియా బతికేవాడు. ఈనాటి మిద్దె మన అరచేతిలోనే ఉంది. ఆరా తీసేందుకు సేవకులు కూడా అక్కర్లేదు.

అలాగని ఫోన్ వీడియో అంతా పాపమని తేల్చేస్తే అది అబద్ధమవుతుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి కుర్రాళ్లు ‘మై విలేజ్ షో’ పేరుతో తమ ఊరి యాసలో, తమ ఊరి మనుషులతో నవ్వించే వీడియోలు తీశారు. కూలి పనులు చేసుకుని బతికిన గంగవ్వను ప్రేక్షకులు వాటిలోనే చూసి సొంత అవ్వలా అభిమానించారు. 2020లో ఆమె బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఏ స్టూడియో గడపా తొక్కకుండా ఒక పల్లెటూరి ముసలమ్మకు ఇంత ఆదరణ దొరకడానికి చూసినవాళ్లు, పంచుకున్నవాళ్లే కారణం. అదే ఏడాది లాక్‌డౌన్‌లో చర్చి తలుపులు మూసుకున్నప్పుడు ఎన్నో ఇళ్లలో ఆరాధన ఈ చిన్న తెరమీదే జరిగింది కదా?

ఆ పంచుకునే వేలే ప్రాణాలు కూడా తీసింది. పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం ఒక వీడియో తీశారు. బైకుమీద వచ్చినవాళ్లు పిల్లాణ్ణి ఎత్తుకెళ్తారు, చివర్లో తిరిగి తెచ్చి దించి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించేశారు. మిగిలింది పిల్లల దొంగల వీడియోగా 2018లో మన దేశమంతా తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వదంతులు నమ్మి జనం అపరిచితులమీద పడ్డారు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకేసారి ఐదు చాట్‌లకు పరిమితం చేసింది. వీడియోలు పంపినవాళ్లలో చాలామంది దుర్మార్గులేమీ కారు, పిల్లలున్న తల్లిదండ్రులే. జాగ్రత్త చెబుతున్నామనే అనుకున్నారు. లేని వార్త పుట్టించకూడదని ధర్మశాస్త్రం ఎప్పుడో హెచ్చరించింది (నిర్గమకాండము 23:1). బెరయవారైతే అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటనే అది నిజమో కాదోనని ప్రతిరోజూ లేఖనాల్లో పరిశీలించి చూశారు (అపొ. కార్యములు 17:11). పౌలుకే ఆ పరీక్ష తప్పలేదు, మనకొచ్చే ఫార్వర్డ్‌లకు ఉండొద్దా? చర్చి గ్రూపుల్లో మనం పంపుకునే ‘అద్భుతాల’ వీడియోలకూ ఈ మాట వర్తిస్తుంది.

యూట్యూబ్‌లో ‘హిస్టరీ’ అని ఒక చోటు ఉంటుంది. మనం చూసినవన్నీ తేదీలవారీగా అక్కడ కనిపిస్తాయి. పిల్లలది తనిఖీ చేయాలని తొందరపడే తల్లిదండ్రులు ముందు తమది తెరిచి చూసుకుంటే మంచిది. వాటిని చెరిపేయవచ్చు, ఇకమీదట నమోదు కాకుండా ఆపేయవచ్చు. పాత చిట్టా పెద్దగా లేనివారు అలా ఆపేస్తే, 2023 నుంచి యూట్యూబ్ మొదటి పేజీలో వీడియోలేవీ సిఫారసు చేయడం లేదు. ఖాళీ తెర, పైన వెతుక్కునే పెట్టె మాత్రమే ఉంటాయి. ఏం కావాలో మనమే టైప్ చేయాలి.