ముల్లు సున్నాకొచ్చే దాకా

బుల్లెట్‌కు కిక్కు కొట్టే ముందు హెడ్‌లైట్ పైనున్న చిన్న యాంపియర్ మీటరు చూడాలి. తాళం తిప్పగానే ముల్లు మైనస్ వైపు కొంచెం వాలుతుంది. కిక్ రాడ్డును కాలితో మెల్లగా అదుముతూ పోతే ఒకచోట ముల్లు మధ్యకు, సున్నాకు వచ్చి నిలబడుతుంది. అప్పుడు డికంప్రెషన్ లివరు పట్టి, రాడ్డును ఇంకాస్త దించి, లివరు వదిలి, రాడ్డును పైకి రానిచ్చి నిండు కిక్కు కొట్టాలి. 1982 మోడల్ బండి మీద మా బాపు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. పుష్యమాసం చలిలో, నాగోబా జాతర రోజుల్లో కూడా ఉట్నూర్‌లో ఆ బండి రెండో కిక్కుకు అందుకునేది.

ఇప్పుడది నా దగ్గరుంది. పాత బండ్లు ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఏం మార్చొచ్చు, ఏం మార్చొద్దు? నేను ముందు చూసేది, ఆ మార్పును ఆ కంపెనీయే ఆ తరం బండికి చేసిందా లేదా అని. ఆ తర్వాత కొలతలు చూస్తాను.

మద్రాస్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండ్‌లోని రెడిచ్ కంపెనీతో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. తిరువొత్తియూరులో తయారైన 350 బుల్లెట్ ఇంజను అసలు రూపం దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ, సుమారు 18 గుర్రాల శక్తి, 4 గేర్లు. అందుకే ఒక ఏడు సామాను ఇంకో ఏడు బండికి చాలావరకు పడుతుంది. అట్లా పడుతుంది కదా అని ఏదో ఒకటి బిగించేయడం దగ్గరే చిక్కంతా ఉంది.

ముందు కరెంటు సంగతి. నా బండి 6 వోల్టులది. 35 వాట్ల బల్బు 6 వోల్టుల మీద దాదాపు 5.8 యాంపియర్లు లాగుతుంది, 12 వోల్టుల మీద 2.9 చాలు. నలభై ఏళ్ల వైరు, తుప్పు పట్టిన స్విచ్చు కలిసి 0.2 ఓముల అడ్డు పెడితే 6 వోల్టుల బండిలో 1.2 వోల్టుల దాకా దారిలోనే పోతాయి. అంటే ఐదో వంతు. 12 వోల్టుల్లో పోయేది 0.6 లోపే, 5 శాతం. బల్బుకు వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు ఐదో వంతుతో ఆగదు, సుమారు సగానికి పడిపోతుంది. జన్నారం దారిలో కవ్వాల్ అడవి మధ్య పొద్దుగూకాక ఎడ్లు అడ్డమొస్తే సగం వెలుగుతో ఏం కనపడుతుంది? కంపెనీ కూడా తర్వాత 12 వోల్టులకే మారింది కాబట్టి ఈ మార్పుకు వెనకాడలేదు. బ్యాటరీ, కాయిల్, రెగ్యులేటరు, బల్బులు, హారన్ అన్నీ ఒకేసారి మార్చాలి. ఒక్కటి మరిచినా అదే ముందు కాలిపోతుంది.

ఆ పని చేస్తున్నప్పుడే మా మెకానిక్ అన్నాడు: "పాయింట్లు గూడ దీసేద్దాం సార్, ఎలక్ట్రానిక్ పెడ్దాం. మళ్ల మళ్ల విప్పుడుండది." అతను చెప్పింది అబద్ధం కాదు. ఇంజను 3000 చుట్లు తిరుగుతుంటే పాయింట్ల క్యామ్ దాంట్లో సగం, 1500 చుట్లు తిరుగుతుంది. అంటే పాయింట్లు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. క్యామ్‌ను రాసుకునే మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, టైమింగ్ జారుతుంది. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఫీలర్ గేజ్ బిళ్ల దూర్చితే మెత్తగా పట్టినట్టే పట్టి జారాలి.

అయినా పాయింట్లు ఉంచేశాను. మొదట చెప్పిన ముల్లు కదలికంతా వాటి వల్లనే. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు కాయిల్ కరెంటు తాగుతుంది, ముల్లు మైనస్ వైపు ఉంటుంది. తెరుచుకోగానే కరెంటు తెగి సున్నాకు వస్తుంది. క్యామ్ రెండు ఇంజను చుట్లకు ఒక్కసారే వాటిని తెరుస్తుంది కాబట్టి ఆ క్షణాన పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చిందని అర్థం. ఎలక్ట్రానిక్ పెడితే ముల్లు ఈ కబురు చెప్పదు. రోజూ ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ మీదుగా ఆదిలాబాద్‌కు ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లకైతే ఎలక్ట్రానిక్కే పెట్టుకోమంటాను. కానీ నెలకు నాలుగుసార్లు బయటికి తీసే బండికి మంచి పాయింట్లు, కొత్త కండెన్సరు సరిపోతాయి.

ఇక బ్రేకు. దీని మీద పెట్టిన డబ్బుకు నేనెప్పుడూ బాధపడలేదు. 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. బ్రేకు సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తే బండి 46 మీటర్లకు ఆగుతుంది. 4.5 మీటర్ల చొప్పునైతే 31 మీటర్లు చాలు. మధ్యనున్న 15 మీటర్లలో ఒక ఎడ్లబండి పట్టి ఇంకా చోటు మిగులుతుంది. పాత 6 అంగుళాల డ్రమ్ములో ఒక్క షూనే చక్రం తిరిగే దిశలో తనంతట తాను బిగుసుకుంటుంది. తర్వాత కంపెనీ ఇచ్చిన 7 అంగుళాల ట్విన్ లీడింగ్ డ్రమ్ములో రెండూ అట్లాగే పట్టుకుంటాయి. హబ్బు మార్చి చక్రానికి మళ్లీ ఊచలు కట్టించాలి, అయినా దూరం నుంచి చూస్తే బండి రూపం చెదరదు. డిస్కు ఇంకా బాగా ఆపుతుంది, నిజమే. కానీ దానికి ముందు ఫోర్కు కూడా మార్చాలి, అప్పుడది ఇంకో బండి.

శక్తి పెంచుదామన్న ఆశకు మాత్రం కళ్లెం వేయాలి. 24 మిల్లీమీటర్ల కార్బురేటరు తీసి 28ది పెడితే గొంతు వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. ఇంజను అదే, పీల్చే గాలి అంతే. దాంతో గాలి వేగం పావు వంతుకు పైగా తగ్గి, పెట్రోలు పొగమంచులా చెదరక చుక్కలుగా పడుతుంది. తక్కువ వేగంలో ఇంజను ముక్కుతుంది. గేర్‌బాక్సు ముందు స్ప్రాకెట్ కూడా అంతే. 350కి 16 పళ్లు, 500 బుల్లెట్‌కు వాడేది 17. మార్చితే 3000 చుట్లు ఉండాల్సిన చోట 2820కి దిగుతాయి, హైవే మీద హాయి. కానీ లాగే బలమూ 6 శాతం తగ్గుతుంది. వెనక మనిషిని ఎక్కించుకుని కెరమెరి ఘాట్ ఎక్కాక, మళ్లీ 16కే వచ్చాను. 17 పళ్లది కాలానికి సరిపోయినా ఊరికి సరిపోలేదు.

కనపడకుండా చేయాల్సిన మార్పు ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు దాన్ని తట్టుకోదు, మెత్తబడి ఉబ్బుతుంది. పైపు, కార్బురేటరు వాషర్లు ఇథనాల్‌కు ఆగేవి వేయించాలి. అదే గాలికి సుమారు 7 శాతం ఎక్కువ ఇంధనం కావాలి కాబట్టి మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసుకోవాలి. తెల్లబడితే ఇంకా చాలలేదన్నట్టు.

చట్టం కూడా ఒకటుంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ లెక్కకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు దొరుకుతుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, అయితే రోజువారీగా రోడ్డెక్కించకూడదు. నా బండికి 2032లో యాభై నిండుతాయి.

అందుకే విప్పిన సామాను ఏదీ పాత ఇనుముకు వేయలేదు. 6 వోల్టుల కాయిల్, పాత డ్రమ్ము, రెగ్యులేటరు నూనె రాసిన గుడ్డల్లో చుట్టి, విప్పిన తేదీ రాసిన చీటీలు కట్టి అటక మీద పెట్టాను. హారన్‌ను మాత్రం ఏడాదికొకసారి దించి, 6 వోల్టుల బ్యాటరీకి తగిలించి మోగించి చూస్తాను.