ప్రొద్దు గ్రుంకక మునుపు

ఇస్సాకు సాయంకాలమున ధ్యానము కొరకు పొలమునకు వెళ్లినట్లు ఆదికాండము 24వ అధ్యాయములో చదువుచున్నాము. నేడు మన యువతీ యువకులు అదే వేళకు ఫోను చేతబట్టుకొని చేని గట్టు మీదికి వెళ్లుచున్నారు. ప్రియులారా, ఇది మంచి అలవాటే. దేవుని చేతిపనిని నిలబడి చూచుటకు అది ఒక అవకాశము.

మన కనగానపల్లి ప్రాంతములో ఎర్రనేలలు, రాతిగుట్టలు, చెనక్కాయ చేలు, ప్రక్కనే రామగిరి కొండలపై గాలిమరలు ఉన్నవి. సూర్యుడు క్రిందికి దిగినప్పుడు అతని వెలుగు ఎక్కువ దూరము గాలిలో నుండి రావలెను. నీలి రంగు దారిలోనే చెదరిపోవును. ఎరుపు, పసుపు రంగులు మన కన్నులను చేరును. సూర్యునికి ఎదురుగా ఫొటో తీస్తే మనుష్యులు నల్లని నీడలగుదురు. ముఖము కనబడవలెనంటే సూర్యుని మన వీపువైపు ఉంచుకొనవలెను. ప్రొద్దు గ్రుంకిన వెంటనే ఇంటికి తిరుగక కొన్ని నిమిషములు ఆగితే, ఆకాశము మరింత రంగులు దిద్దుకొనుట చూడవచ్చును.

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు మిల్లే 1857-59 మధ్య 'ఆంజెలస్' అను చిత్రమును గీసెను. అది నేడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియములో ఉన్నది. సంధ్యవేళ బంగాళాదుంపల చేనిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ పని ఆపి, తలవంచి ప్రార్థించుచున్నారు. దూరమున గుడి శిఖరము కనబడును. ఆకాశము అందముగా ఉన్నను, మన చూపు ఆ అలసిన ఇద్దరి మీదనే నిలుచును.

ఇక్కడ మనము ఒక సంగతి ఆలోచించవలెను. సంధ్య వెలుగులో ఎండిన చేను కూడా బంగారమువలె మెరియును. అనంతపురము ప్రాంతములో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఊడలు దిగే వేళ వాన ముఖము చాటేస్తే కాయ పట్టదు. ఆ రైతు గుండెకోత ఫొటోలో పడదు. చెనక్కాయ చెట్లు పీకి నడుము వంగిపోయిన అక్క చేతి బొబ్బలును నల్లని నీడలో కనబడవు.

అందుకే ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమును జ్ఞాపకము చేసికొందము. బీదవాడైన కూలివాని కూలి ఆ దినముననే, సూర్యుడు అస్తమింపక మునుపే ఇచ్చివేయవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. "పంట అమ్మితేనే గదా మా చేతికి డబ్బు వచ్చేది!" అని మన రైతులందురు. అది నిజమే. అయినను ఆ రాత్రి కూలివాని ఇంట పొయ్యి వెలగవలెను గదా! ఉన్నంతలో మొదట కూలి తీసి ప్రక్కన పెట్టుదము.

యౌవనులారా, ఫొటో తీయుడి. అయితే మనుష్యులను తీయకముందు, "అక్కా, తీసుకోవచ్చునా?" అని అడుగుడి. తీసిన తరువాత ఒక ప్రతి వారి ఇంటికి తీసికొనిపోయి ఇయ్యుడి. వారి పేరు అడిగి తెలిసికొని, ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పేరు ఎత్తి ప్రార్థించుడి.

చేనికి వాననిచ్చు ప్రభువు, కూలివాని మొరను ఆలకించు ప్రభువు ఒక్కడే. ఆయన మన కన్నులు తెరచును గాక. ఆమేన్.